14 ఏళ్ల అమ్మాయికి తల జిడ్డు, చుండ్రు: నూనె పెట్టాలా, మానాలా?

మియాపూర్ అమ్మ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడాది నుంచి తల విపరీతంగా జిడ్డుగా ఉంటోంది. ఆదివారం పొద్దున తలస్నానం చేస్తే సోమవారం సాయంత్రానికే నుదుటి దగ్గర వెంట్రుకలు అతుక్కుపోతాయి. పాపిట్లో, చెవుల వెనక పసుపుపచ్చగా, జిడ్డుగా పొట్టు లేస్తోంది. స్కూలు కోటు ముదురు నీలం. దాని మీద పొట్టు కనిపిస్తుందని అస్తమానం భుజాలు దులుపుకుంటూనే ఉంటుంది.

మా అత్తగారు ప్రతి శనివారం రాత్రి గోరువెచ్చని కొబ్బరినూనె మాడంతా పట్టించి, జడ వేసి పడుకోబెడతారు. మాడు ఎండిపోయింది, నూనె చాలడం లేదు, అందుకే పొట్టు రాలుతోంది అంటారు. స్కూల్లో కూడా నూనె రాసి రెండు జడలు మడిచి కట్టుకుని రావాలని రూలు. పోయిన వారం స్కిన్ డాక్టరుకి చూపిస్తే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాసి, కొన్నాళ్లు మాడుకి నూనె ఆపమన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పిన దగ్గర్నుంచి అత్తగారు నాతో ముభావంగా ఉన్నారు. ఆఫీసుకి వెళ్లినా అదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లకుంట పెద్దమ్మ:
అమ్మా, నాకు 67 ఏళ్లు. ముగ్గురు ఆడపిల్లల్ని పెంచాను. ముగ్గురికీ జడలు నడుము దాటేవి. శనివారం రాత్రి నూనె, ఆదివారం పొద్దున కుంకుడు రసంతో తలంటు, తల ఆరాక సాంబ్రాణి పొగ. మోండా మార్కెట్లో కుంకుళ్లు తెచ్చి, కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికేదాన్ని. షాంపూ మా ఇంట్లోకి రాలేదు. మీ అత్తగారు చెప్పింది సరైన మాట. పొట్టు లేస్తోందంటే మాడుకి చమురు చాలనట్టే. కాళ్లు పగిలితే నూనె రాస్తాం కదా, ఇదీ అంతే.

నిజాంపేట బోరు నీళ్లు:
అక్కా, ముందు మీ అపార్ట్‌మెంట్‌లో వచ్చేది ఏ నీళ్లో చూడండి. మంజీరానా, బోరా, ట్యాంకరా? మా దగ్గర బోరు నీళ్లకి గిన్నెల మీద కూడా తెల్ల చారలు పడతాయి. తలకి పడవా?

అల్వాల్ ఫార్మసీ:
పెద్దమ్మగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇది ఎండిపోయిన మాడు కాదు. ఎండిన మాడు నుంచి సన్నగా, తెల్లగా, పొడిగా రాలుతుంది. ఈ పాప తలలో ఉన్నది పసుపుగా, జిడ్డుగా అంటున్నారు.

మన అందరి మాడు మీదా మలసీజియా అనే ఈస్టు ఉంటుంది. దానికి తిండి కొవ్వు. ఈడు వచ్చేసరికి ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి, మాడులోని గ్రంథులు ఎక్కువ చమురు వదులుతాయి. ఆడపిల్లలైనా, మగపిల్లలైనా అంతే. ఆ చమురుని ఈస్టు విడగొడితే ఓలిక్ ఆమ్లం లాంటివి మిగులుతాయి. అవి పడని మాడు దురద పెడుతుంది, ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది. ఆ పైన మనం రాత్రంతా కొబ్బరినూనె పెట్టామంటే ఈస్టుకి ఇంకాస్త వడ్డించినట్టే.

అక్కా, ఆ షాంపూని తడి తలకి, ముఖ్యంగా మాడుకి, నురగ వచ్చేలా పట్టించి 5 నిమిషాలు ఉంచి కడగాలి. మామూలుగా వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడితే మళ్లీ రాకుండా ఉంటుంది. మీ డాక్టరు వేరేగా చెప్పి ఉంటే అలాగే చేయండి. చాలామంది పెట్టిన వెంటనే కడిగేసి, మందు పని చేయలేదని మా కౌంటరు దగ్గరికి వస్తారు.

కాచిగూడ నాన్న:
మా అబ్బాయికీ ఇదే. నిమ్మకాయ రుద్దితే మంట పుట్టి ఏడ్చాడు. అది మాత్రం చేయకండి.

నల్లకుంట పెద్దమ్మ:
బాబూ, నువ్వు మందుల షాపులో కూర్చుంటావు, మందు గురించే చెబుతావు. నూనె వల్లే చుండ్రు వస్తే మా తరం మొత్తానికి రావాలి కదా. మా అత్తగారింట్లో పదకొండు మందిమి. అందరికీ నూనె తలలే. ఒక్కరి భుజం మీద పొట్టు చూడలేదు. ఇంకో మాట. వారానికి రెండుసార్లు, మూడుసార్లు తల కడిగితే ఉన్న చమురు పోయి, లోపల నుంచి రెట్టింపు ఊరుతుంది. జిడ్డు పెరిగేది అందుకే.

అల్వాల్ ఫార్మసీ:
కడిగితే ఎక్కువ ఊరుతుందన్నది నిజం కాదండీ. గ్రంథి ఎంత చమురు వదలాలో హార్మోన్లు నిర్ణయిస్తాయి. తల కడిగిన సంగతి గ్రంథికి తెలియదు. జిడ్డు తల ఉన్న పిల్లలు రోజు విడిచి రోజు కడిగినా తప్పులేదు.

నల్లకుంట పెద్దమ్మ:
రోజు విడిచి రోజా? ఆడపిల్లకి? జలుబు చేయదా?

అల్వాల్ ఫార్మసీ:
జలుబు వైరస్ వల్ల వస్తుంది. తడి తల వల్ల రాదు.

నల్లకుంట పెద్దమ్మ:
మా రెండో అమ్మాయి తడి తలతో కాలేజీకి వెళ్లి మూడు రోజులు మంచం పట్టింది. కళ్లారా చూసినదాన్ని కాదంటావా?

నిజాంపేట బోరు నీళ్లు:
నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. మేము సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి మారిన మూడు నెలలకే మా ఇద్దరు పిల్లలకీ తలలు పీచులా అయ్యాయి. నీళ్లు మారడం తప్ప ఇంకేం మారలేదు.

అల్వాల్ ఫార్మసీ:
అన్నా, బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో కలిసి తెట్టులా కట్టి వెంట్రుకలకి పడుతుంది, జుట్టు గరుకుగా అవుతుంది. ఆ మాట నిజమే. కానీ చుండ్రుకి కారణం అది కాదు. సబ్బు మాని షాంపూ వాడండి, చివర రెండు చెంబులు మంచినీళ్లు పోయండి.

తార్నాక పాఠకురాలు:
ఫార్మసీ తమ్ముడు ఒక వైపే చెబుతున్నాడు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ పోకుండా ఆపుతుందని 2003లోనే పరిశోధన వచ్చింది. 2021లో మన దేశంలో ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో కొబ్బరినూనె వాడినవాళ్ల మాడు మీద మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగాయని కూడా చూశారు. పెద్దమ్మగారి మాటని అంత తేలిగ్గా తీసేయకూడదు.

అల్వాల్ ఫార్మసీ:
తీసేయడం లేదక్కా. మీరు చెప్పిన మొదటిది వెంట్రుక గురించి. చుండ్రు మాడుది. వెంట్రుకల చివర్లకి నూనె రాసుకోమనండి, నేను వద్దనను. రెండోది పెద్దవాళ్ల మీద చేసింది. ఇక్కడ అడిగింది 14 ఏళ్ల పాప గురించి. ఆమెను స్వయంగా చూసిన డాక్టరు నూనె ఆపమన్నారు. చూసిన డాక్టరు మాట వినాలా, ఎక్కడో చదివినది వినాలా?

కాచిగూడ నాన్న:
డాక్టరు చూశాక ఇంత వాదన ఎందుకు?

బోయిన్‌పల్లి గృహిణి:
నా అనుభవం ఒకటి చెబుతాను. మా బాబుకి చుండ్రు అని సందు చివర షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. వారం బాగా తగ్గింది. తర్వాత రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. ఉస్మానియా ఆసుపత్రి చర్మ విభాగంలో చూపిస్తే అది చుండ్రు కాదు తామర, ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది అన్నారు. నోటి మాత్రలు వాడితేగానీ తగ్గలేదు. గుండ్రంగా జుట్టు ఊడినా, తెగిన వెంట్రుకలు కనిపించినా ఇంట్లో ఏదీ రాయకండి.

అల్వాల్ ఫార్మసీ:
చాలా ముఖ్యమైన మాట చెప్పారు. మా వృత్తిలో అలా ఇచ్చేవాళ్లు ఉన్నారు, నాకు సిగ్గుగా ఉంటుంది. ఇంకొకటి కూడా చూడండి. మందంగా, వెండి రంగు పొరలు అంచు స్పష్టంగా తెలిసేలా ఉన్నా, మోచేతుల మీద, మోకాళ్ల మీద అలాంటి మచ్చలున్నా సోరియాసిస్ కావచ్చు. ఇది ఆ పాప గురించి కాదు, చదివే మిగతావాళ్ల కోసం.

రెండు జడలు:
నాకు 23 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఈ చర్చ చదువుతుంటే నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చి చేతులు వణుకుతున్నాయి. మా స్కూల్లో ప్రేయర్ దగ్గర టీచరు అందరి తలలూ వేలితో తాకి చూసేది. నూనె లేకపోతే బయట నిలబెట్టేవాళ్లు. నాకూ ఇలాగే పసుపు పొట్టు. నూనె రాస్తే ముద్దలు కట్టి వాసన వచ్చేది. నా పక్కన కూర్చునే అమ్మాయి అది అంటుకుంటుందని బెంచీ మారిపోయింది. అమ్మకి చెబితే నానమ్మని అడగమంది. నానమ్మ ఇంకో గిన్నెడు నూనె పట్టించింది. నా మాట వినేవాళ్లు లేకపోయారు. ఇంటర్లో చేరిన మొదటి వారంలో నేనే కత్తెర తీసుకుని మెడ దాకా కత్తిరించేసుకున్నాను.

చుండ్రు అంటువ్యాధి కాదని నాకు తెలిసేసరికి 20 ఏళ్లు వచ్చాయి.

నల్లకుంట పెద్దమ్మ:
కత్తిరించుకున్నావు సరే. ఆ రోజు మీ నానమ్మ ముఖం చూశావా?

రెండు జడలు:
చూశాను. రెండు రోజులు అన్నం తినలేదు. నేను ఏడాది పాటు రోజూ ఏడ్చాను, అది ఆమె చూసిందా? పెద్దమ్మగారూ, ఆ తల నాది.

నల్లకుంట పెద్దమ్మ:
తల నీదే. నీకు ఏడాది నిండేదాకా ఆ తల నిలపడానికి దిండు సర్దినదెవరు? పేలు పడితే ఎండలో కూర్చుని ఈర్పెనతో దువ్వినదెవరు? ఇవాళ అందరికీ చదువులొచ్చాయి, నానమ్మ చెయ్యి మురికిదైంది. ఆ ఈస్టు, ఆ ఆమ్లం నిజమే కావచ్చు, నేను చదువుకోలేదు. కానీ మీరంతా మాట్లాడేది నూనె గురించి కాదు. మా చేతులకి ఇంట్లో ఏ పనీ మిగల్చకూడదని చూస్తున్నారు.

అల్వాల్ ఫార్మసీ:
మేమెవరం అలా అనలేదండీ. నేను మందు గురించే చెప్పాను.

నల్లకుంట పెద్దమ్మ:
నువ్వు అనలేదు, మా కోడలు అంది. నా మనవరాలికి 13 ఏళ్లు. ఆరు నెలల నుంచి నా దగ్గర తల పెట్టడం లేదు. బాత్‌రూమ్ గడియ వేసుకుని తనే ఏదో సీసాతో కడుక్కుని వస్తుంది. పండక్కి తలంటు పోస్తానంటే, వద్దు నానమ్మా వాసనొస్తుంది అంది. దాని తలలో నా వేళ్లు పెట్టి ఆరు నెలలైంది. మియాపూర్ అమ్మాయ్, మీ అత్తగారు నీతో ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. అందుకే ఇంతసేపు వాదించాను.

కాచిగూడ నాన్న:
పెద్దమ్మా, బాధపడకండి.

రెండు జడలు:
పెద్దమ్మగారూ, నేను గట్టిగా మాట్లాడాను. మీ మనవరాలి సంగతి నాకు తెలియదు. కానీ వాసన అన్నప్పుడు అది మీ చేతిని అనలేదు, నూనెని అంది. నేనూ అలాగే అనేదాన్ని, మా నానమ్మకి అది వేరేలా వినిపించేది.

మియాపూర్ అమ్మ:
ఇవన్నీ చదివి రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. ఇన్నాళ్లూ డాక్టరుని అడిగాను, అత్తగారిని అడిగాను, దాన్ని అడగలేదు. పొట్టు కన్నా దురద ఎక్కువ బాధగా ఉందట. పరీక్ష రాస్తుంటే చెయ్యి తల మీదకే పోతుందట. నానమ్మ జడ వేయడం ఇష్టమేనట, నూనెతో పడుకోవడమే ఇష్టం లేదట. నానమ్మకి చెబితే ఏడుస్తుందని చెప్పలేదట.

స్కూలుకి డాక్టరు చీటీ తీసుకెళ్లాను. రెండు జడలు ఉండాలి, నూనె సంగతి మూడు నెలలు చూడం అన్నారు. మాడుకి తగలకుండా చివర్లకి రెండు చుక్కలు రాసి పంపుతాను. అత్తగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పెద్దమ్మగారి మాటల దగ్గర ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఏమీ అనలేదు.

నిజాంపేట బోరు నీళ్లు:
అక్కా, ఇంతకీ మీది బోరా, మంజీరానా చెప్పలేదు.

మియాపూర్ అమ్మ:
రెండూ కలిపి వస్తాయండీ. ఎండాకాలం ట్యాంకర్లు.

నల్లకుంట పెద్దమ్మ:
ఫార్మసీ బాబూ, ఒక్కటి అడుగుతాను. ఆ మందు షాంపూ 5 నిమిషాలు ఉంచాలన్నావు. ఆ 5 నిమిషాలూ ఊరికే ఉంచాలా, ఎవరైనా రుద్దవచ్చా?

అల్వాల్ ఫార్మసీ:
రుద్దవచ్చండీ. గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో మెల్లగా. పొట్టు గీకకూడదు. కళ్లలోకి పోకుండా తల వెనక్కి వాల్చండి. కానీ మీ మనవరాలికి ఉన్నది చుండ్రో కాదో ముందు డాక్టరుకి ఒకసారి చూపించండి.

నల్లకుంట పెద్దమ్మ:
కోడలితో మాట్లాడతాను. నూనె మాట మాత్రం నేను ఒప్పుకోలేదు.