1966 మస్టాంగ్ కన్వర్టిబుల్: పెయింట్ వేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మేయాలా?

నోవై_నాని:
అందరికీ నమస్తే. మిషిగన్‌లో నోవైలో ఉంటాం. మా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (పై కప్పు మడిచే కారు) ఉంది, అమ్మాలి. పక్కింటి పెద్దాయన ఫ్లోరిడా వెళ్ళిపోతుంటే ఆయన దగ్గర కొన్నాం. 289 వీ8 (289 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్), ఆటోమేటిక్, నాలుగూ డ్రమ్ బ్రేకులే. ఇంజన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది కానీ ట్యాంకులో ఏళ్ళనాటి పెట్రోలు ఉంది, అందుకని సెల్ఫ్ కొట్టలేదు. మడిచే టాప్ తెల్లది. వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కి చిట్లిపోయింది. డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే తుప్పు, ఒకచోట వేలు దూరింది.

డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, వేసవిలో ఇల్లు మారాలి. ఒక బాడీ షాపులో ఫ్లోరు, పెయింటు కలిపి 14,000 డాలర్లు చెప్పారు, చేయిస్తే దానికి రెట్టింపు వస్తుందంటున్నారు. మా ఆవిడ ఒక్క డాలర్ కూడా పెట్టొద్దంటోంది. మీరేమంటారు?

వీ8_రాజు:
చేయించు బ్రో. కన్వర్టిబుల్ కొనేవాడు మనసుతో కొంటాడు, లెక్కలతో కాదు. ఎర్ర పెయింటు, తెల్ల టాప్, ఎండలో నాలుగు ఫోటోలు. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్, అదే పాత కార్ల ఊరేగింపు, ఉండనే ఉంది, దానికి ముందు డెట్రాయిట్ చుట్టుపక్కల ఇలాంటి బండి కోసం వెతికేవాళ్ళు బోలెడుమంది. చిల్లులున్న బండి పెడితే వచ్చేవాళ్ళంతా బేరగాళ్ళే.

పాతఇనుము:
రాజు గారూ, ఆ మనసుతో కొనేవాడు కూడా ఈ రోజుల్లో అయస్కాంతం జేబులో పెట్టుకునే వస్తాడు. అరవై ఏళ్ళ బండి, చలికాలం మంచుకి ఉప్పు చల్లే మిషిగన్ రోడ్లు, పైన తాజా పెయింటు... చూడగానే పైన పటారం లోన లొటారం అనుకుంటాడు. అయస్కాంతం అంటుకోనిచోట లప్పం ఉన్నట్టే. అక్కడితో బేరం చెడుతుంది.

ఇంకో మాట. ఇదేం అరుదైన బండి కాదు. ఆ ఒక్క 1966 మోడల్లోనే ఫోర్డ్ 6 లక్షల పైచిలుకు మస్టాంగ్‌లు అమ్మింది, అందులో కన్వర్టిబుల్సే 72 వేలు దాటాయి. అదే 289లో ఎక్కువ శక్తి ఉన్న రకం, 271 హార్స్‌పవర్ 'కే' కోడ్ ఇంజన్ అయితే లెక్క వేరు. మామూలు 289కి డబ్బు పోసి బాగుచేయిస్తే, పోసిన డబ్బు వెనక్కి రావడం కష్టం. పాత కార్లకి ఇన్సూరెన్స్ చేసే హ్యాగర్టీ వాళ్ళు బండి స్థితిని 1 (అన్నిటికన్నా మేలు) నుంచి 4 దాకా నంబర్లు వేసి ధరలు ఇస్తారు కదా. నాలుగుకీ మూడుకీ మధ్య తేడా ఎంతో చూసి, పక్కన ఆ 14,000 పెట్టి చూడండి నాని గారూ. రెట్టింపు సంగతి అప్పుడు మాట్లాడదాం.

అసలు ఆ ఫ్లోరు ఎందుకు తుప్పు పట్టిందని షాపు వాళ్ళు చెప్పారా? అద్దం కింద, బానెట్ వెనక గాలి లోపలికొచ్చే చిల్లులుంటాయి చూడండి, దాన్ని కౌల్ అంటారు. వాన నీళ్ళు అందులో పడి పక్కనుంచి కిందికి పోవాలి. ఆకులు పేరుకుని లోపలి రేకుని తుప్పు తినేస్తే ఆ నీళ్ళు తిన్నగా కాళ్ళ మీదికొస్తాయి. ఒక చెంబుడు నీళ్ళు ఆ చిల్లుల్లో పోసి, డాష్‌బోర్డ్ కింద టార్చ్‌లైట్ వేసి చూడండి. కారితే, కౌల్ విప్పకుండా కొత్త ఫ్లోరు వేసినా అది కూడా పోతుంది. కౌల్ పై రేకు స్పాట్ వెల్డింగులు తవ్వి తీయాలి, అది పెద్ద పని. మీకిచ్చిన కొటేషన్‌లో అది ఉందో లేదో అడగండి.

కొలంబస్_పద్మ:
మీరిద్దరూ చెరో చివర ఉన్నారు. పెయింటు వద్దు, నిజమే. కానీ కదలని బండిగా అమ్మడం ఇంకా నష్టం. తనంతట తాను నడిచి ట్రైలర్ ఎక్కే బండికీ, తాడు కట్టి లాగాల్సిన బండికీ కొనేవాళ్ళే వేరు. ట్యాంకు దింపి కడిగించండి, కార్బురేటర్ శుభ్రం చేయించండి, చక్రాల దగ్గర బ్రేకుల్ని తోసే నాలుగు వీల్ సిలిండర్లూ, బ్రేకు నూనె గొట్టాలూ మార్పించండి. 1966లో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకులకి నూనె తోసేది) ఒకే గదిది, రెండు గదులది 1967 నుంచే వచ్చింది. ఎక్కడో ఒక్క గొట్టం కారినా నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది. టెస్ట్ డ్రైవ్ అని ఎవడో ఎక్కి మీ వీధి చివర ఆగకపోతే ఆ టెన్షన్ మీకెందుకు?

పాతఇనుము:
పద్మ గారితో సగమే ఒప్పుకుంటాను. బ్రేకులు సరే. మిగతాది కొనేవాడికి వదిలేయొచ్చు. ట్యాంకు దగ్గర మొదలుపెడితే ఎక్కడ ఆగుతారు? ఈ మోడల్లో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. అది తీస్తే చుట్టూ రేకు చూస్తారు, అది చూస్తే బండిని కింద మోసే వెనక ఫ్రేమ్ రైల్ చూస్తారు...

కొలంబస్_పద్మ:
చూడాల్సిందే కదా! కొనేవాడు ఎలాగూ చూస్తాడు. వాడి నోటితో వినడం కన్నా ముందే తెలుసుకుంటే ధర మీరే చెప్పొచ్చు.

గుంటూరు_బాబాయ్:
నాకు కార్ల సంగతి తెలీదు, వ్యాపారం తెలుసు. వేలు దూరిన చిల్లు గురించి మనమే దండోరా వేయడం దేనికయ్యా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాసి అమ్ము. అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో.

పాతఇనుము:
బాబాయ్ గారూ, ఆ మాట రాసినంత మాత్రాన అన్నీ చెల్లవు. తుప్పు లేదని చెప్పి అంటగడితే మోసం కిందికే వస్తుంది. చట్టం పక్కన పెట్టండి, అసలు లాభం లేదు. ఎక్కడో పెన్సిల్వేనియా నుంచి ట్రైలర్ కట్టుకుని వచ్చినవాడు కార్పెట్ ఎత్తి చిల్లు చూస్తే, అప్పుడు వాడు కోసే ధర ఆ చిల్లుకి కాదు, 'ఇంకేం దాచారో' అన్న అనుమానానికి. వేలు పెట్టి తీసిన ఫోటో ముందే పెట్టండి. ఇష్టమైనవాడే వస్తాడు.

వీ8_రాజు:
ప్రకటనలో నంబర్స్ మ్యాచింగ్ అని, అంటే బండితో పాటు వచ్చిన అసలు ఇంజనే అని, తప్పకుండా రాయి నాని. ధర పెరుగుతుంది.

పాతఇనుము:
రాయకండి. ఆ ఏడాది మామూలు 289 ఇంజన్ బ్లాకు మీద బండి నంబరు కొట్టలేదు, 'కే' కోడ్ వాటికే కొట్టారు. బ్లాకు మీదే, స్టార్టర్ మోటార్‌కి కాస్త పైన, బ్లాకు పోత పోసిన తేదీ ఉంటుంది, ఉదాహరణకి 6బి14 అంటే 1966 ఫిబ్రవరి 14. అది బండి తయారైన తేదీకి కాస్త ముందుదైతే 'తేదీ సరిపోయింది' అని రాయండి, అంతే.

అంతకన్నా ముఖ్యం, డ్రైవర్ వైపు ఇంజన్ పక్క రేకు మీద కొట్టిన నంబరు. టైటిల్ కాగితంతో, అంటే బండి మీదేనని చూపే పత్రంతో, అక్షరం అక్షరం సరిపోవాలి. మొదట్లో 6ఎఫ్08సి అని ఉంటే 1966, డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, కన్వర్టిబుల్, 289 రెండు బ్యారెళ్ళ కార్బురేటర్. 08 బదులు 07 ఉంటే మామూలు కూపే టాప్ కోసి చేసిన బండి. చక్రానికి నాలుగు బోల్టులే ఉంటే పుట్టుకతో సిక్స్ సిలిండర్, వీ8 తర్వాత పెట్టింది.

నోవై_నాని:
ఇప్పుడే గ్యారేజీలోకి వెళ్ళొచ్చాను. 6ఎఫ్08సి ఉంది, టైటిల్‌తో సరిపోయింది. చక్రానికి ఐదు బోల్టులు. నీళ్ళు పోశాను, ఎడమవైపు కారుతోంది. కుడివైపు పొడి. కొటేషన్‌లో కౌల్ లేదు, ఫోన్ చేసి అడిగితే 'అది వేరే' అన్నారు. ఇంకోటి, డ్రైవర్ తలుపు ఎత్తి వేస్తే తప్ప పడట్లేదు. బాడీ కుంగిందా?

పాతఇనుము:
తలుపు తెరిచి చివర పట్టుకుని పైకి లేపండి. గడగడా కదిలితే కీలు అరిగింది, చిన్న ఖర్చు. కదలకపోతే తలుపు మూసి వెనక అంచు సందు చూడండి. కిందకన్నా పైన బాగా సన్నబడితే కుంగిందేమో అని అనుమానించాలి. కన్వర్టిబుల్‌కి పై కప్పు బలం లేదు కాబట్టి కింద రాకర్లు (తలుపుల కింద ఉండే దూలాలు), వాటిని ఫ్రేమ్‌కి కలిపే టార్క్ బాక్సులే మోస్తాయి. వాటిని తుప్పు తింటే బండి నడుం వంగుతుంది.

నోవై_నాని:
కదులుతోంది. కీలే. సందు పైనా కిందా ఒకేలా ఉంది. హమ్మయ్య.

వీ8_రాజు:
అంటే ఎముక గట్టిదే. ఇప్పుడైనా పెయింటు వేయించొచ్చుగా!

కొలంబస్_పద్మ:
నీళ్ళు కారుతుంటే పెయింటా రాజు గారూ? నాని గారూ, ఖర్చు పెట్టిన ప్రతిదానికీ బిల్లు దాచండి. సొంత వాడకం బండి మీద లాభం వస్తే పన్ను ఉంటుంది, నష్టం వస్తే మాత్రం మినహాయింపు ఇవ్వరు. డబ్బు కొనేవాళ్ళ బ్యాంకులోనే మీ ఎదురుగా తీసుకోండి. 'కాస్త ఎక్కువకి క్యాషియర్ చెక్ (బ్యాంకే ఇచ్చే చెక్కు) పంపుతాను, మిగిలింది బండి తీసుకెళ్ళేవాడికి ఇవ్వండి' అంటే అది దొంగ చెక్కే. ఆ తర్వాత కొన్నవాళ్ళతో కలిసి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి, అంటే మిషిగన్‌లో బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసుకి, వెళ్ళి మీ ముందే టైటిల్ మార్పించండి.

నోవై_నాని:
సరే, బ్రేకులు, ట్యాంకు, కార్బురేటర్ వరకే. తుప్పు ఫోటోలన్నీ పెడతాను, కౌల్ కారుతున్న వీడియోతో సహా. మా ఆవిడకి ఈ చర్చ చూపిస్తే 'నేను చెప్పిందే కదా' అంది, పాక్షికంగా నిజం. టాప్ ఒక్కటే అడగాలి. కొత్తది వేయించాలా?

వీ8_రాజు:
అదన్నా వేయించు. చిరిగిన టాప్‌తో నేనైతే కొనను.

పాతఇనుము:
రాజు గారికి అమ్మట్లేదుగా. కొనేవాడికి నలుపు కావాలో తెలుపు కావాలో, ప్లాస్టిక్ కిటికీయో గాజుదో వాడిష్టం. కానీ టాప్ పైకీ కిందికీ బటన్‌తో వెళ్తోందా? వెళ్తే మధ్యలో ఆపకుండా ఒక వీడియో తీయండి. వెళ్ళకపోతే వెనక సీటు తీసి పంపు దగ్గర నూనె కారిందేమో చూడండి.

నోవై_నాని:
బ్యాటరీ లేదండి. శనివారం కొత్తది పెట్టి చెప్తాను.