సమస్యాపూరణం: ‘కుక్క యిల్లు పిల్లి కొంప యయ్యె’

నిర్వాహకులు: ఇటలీలో దిక్కులేని కుక్కలను సాకే శాలను ‘కనీలె’ అని, పిల్లుల శాలను ‘గత్తీలె’ అని అంటారు. లాటిన్‌లో కుక్క ‘కానిస్’. చివరనున్న ‘ఈలె’ పశువుల కొట్టాలను తెలిపే పాత లాటిన్ ప్రత్యయం. ఈ పుట్టుపూర్వోత్తరాలు స్ఫురించేటట్లు పై పాదాన్ని ఆటవెలదిలో పూరించ ప్రార్థన.

మొదటి పూరణ:
గొఱ్ఱెదొడ్డి కున్న గురుతైన తోకతో
శునకశాల పేరు సొంపుఁ గాంచె
దానిఁ జూచి జనులు తరువాత మలచగా
కుక్క యిల్లు పిల్లి కొంప యయ్యె.

నిర్వాహకులు: ఆర్యా, ప్రత్యయాన్ని తోక అనడం ఎంతో సొగసుగా ఉంది. గుర్రపుసాలకు ‘ఎక్వీలె’, పందుల దొడ్డికి ‘సుయీలె’ అని లాటిన్‌లో ఇటువంటి మాటలు మరికొన్ని ఉన్నా, మీరు గొఱ్ఱెదొడ్డిని ఎంచుకోవడం బాగుంది. ‘ఓవీలె’ అనే ఆ మాట ఈనాటి ఇటాలియన్‌లోనూ చెక్కుచెదరక నిలిచింది, రోమనులు ఓటు వేయడానికి గుమిగూడే ఆవరణకు సైతం ఆ పేరే ఉండేది. అయితే ‘సొంపు’నకు ఇక్కడ ప్రసక్తి లేదు. ‘సొరిది నమరె’ అంటే యతి చెడదు, పేరు ఒక వరుసలో ఏర్పడిందన్న భావమూ దక్కుతుంది.

రెండవ పూరణ:
పరుగు లిడుచు వచ్చు ప్రాణులఁ గాచెడు
చోటులోన పిల్లి దూరి యుండ
కరుణ గల్గు చేయి గడియనుఁ దీయగా
కుక్క యిల్లు పిల్లి కొంప యయ్యె.

నిర్వాహకులు: రెండవ పాదంలో ‘చో’కు ‘దూ’తో యతి కుదరదు, ‘చొచ్చి యుండ’ అంటే సరిపోతుంది. ‘పరుగు లిడుచు’ అన్న ఎత్తుగడ మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఆశ్రయానికి ఇటాలియన్‌లో ‘రిఫూజో’ అంటారు; దాని మూలమైన ‘రెఫూగియుమ్’లో పారిపోవడమనే అర్థంగల ‘ఫూగెరె’ ధాతువు ఉంది. పట్టుకొచ్చిన కుక్కలను మొదట పరీక్షించి, చికిత్స చేసే చోటును ‘కనీలె సనితారియో’ అని, ఆ తరువాత ఉంచే చోటును ‘కనీలె రిఫూజో’ అని అక్కడ వేరుపరుస్తారు. వీధికుక్కలను ఊరికే చంపరాదని 1991లో 281వ నంబరు చట్టం వచ్చింది కనుక ఈ రెండవ చోటి అవసరం చాలా పెరిగింది.

ఒక సభ్యుని సందేహం: ప్రాచీన లాటిన్‌లో పిల్లిని ‘ఫేలిస్’ అన్నారు కదా, ‘గత్తీలె’కు లాటిన్ వంశం ఎలా కుదురుతుంది?

నిర్వాహకులు: మంచి ప్రశ్న. ‘గాత్తో’ అనే ఇటాలియన్ మాట అర్వాచీన లాటిన్‌లోని ‘కాత్తుస్’ నుంచి వచ్చింది. ‘కనీలె’ను చూసి కట్టిన ‘గత్తీలె’ కొత్త మాటే అయినా, దాని ప్రకృతీ ప్రత్యయమూ రెండూ లాటిన్‌వే. అందువల్ల మొదటి పూరణలోని ‘తరువాత మలచగా’ అన్న మాట శాస్త్రసమ్మతమే.