మూడు సంఘాలు కలిసి పనిచేస్తుంటే రసీదు ఎవరి పేరు మీద?

కిమిడి దర్జీ:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి, బట్టలు కుట్టే కొట్టు. కార్తీకంలో అన్నదానం కోసమని మా వీధి తెలుగువాళ్లం పెట్టుకున్న చిన్న సంఘానికి జమాఖర్చులు నేనే రాస్తాను. ఒడియా కుర్రాళ్లది రక్తదానం క్లబ్బు. గుమ్మా బ్లాకులో సవర గిరిజన ఆడవాళ్ల చర్చి సంఘం ఇంకోటి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు ఎవరికి వారే దుప్పట్లు మోసుకెళ్లాం. జీపు ఎక్కగలిగే ఆ ఒక్క ఊరికే అందరమూ వెళ్లాం మరి! ఒక ముసలామె కంచె మీద నాలుగు దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, నాలుగింటి మీదా నాలుగు సంఘాల పేర్లు. ఐదోది మాది. నేను తెలుగులో అడిగాను, నాతో వచ్చినాయన ఒడియాలో అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది. చర్చి సంఘం అమ్మాయి ఆమె పక్కన కూచుని సవరలో అడిగితే అప్పుడు చెప్పింది, తిరగలి మట్టిలో పూడిపోయిందని, చోళ్లు విసురుకునే దారి లేదని. ఆ కొండ దాటితే ఉన్న ఊరికి ఒక్క దుప్పటీ పోలేదు.

అప్పట్నుంచీ కలిసే తిరుగుతున్నాం. బడి పిల్లల బట్టల కొలతలు నేను తీస్తాను, బండి కుర్రాళ్లది, ఎవరికేం కావాలో చెప్పేది ఆ ఆడవాళ్లు. ఇప్పుడొకాయన పెద్ద విరాళమే ఇస్తానంటున్నాడు గానీ, మూడూ ఒకే సంఘంగా రావాలట, ఒకటే రసీదు కావాలట. దాతకి పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు మా ఒక్కళ్లకే ఉంది. కలిపేసుకోవాలా? కలిపితే ఆఖరికి మా పేరే మిగుల్తుంది, అది నాకే బాగోలేదు.

బరంపురం లెక్కలు:
కలపక్కర్లేదు బాబూ. ముగ్గురూ ఒక ఒప్పందం రాసుకోండి. సరుకు మీ సంఘమే కొని బిల్లులు మీ ఫైల్లో పెట్టుకోవాలి, పంచేది వాళ్లు, అందినట్టు సంతకాల కాగితం మీకు తెచ్చివ్వాలి. రసీదు మీ పేరు మీదే. నగదు 2,000 దాటితే దాతకి మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో తీసుకోండి. మే 31 లోపల విరాళాల లెక్క పన్ను శాఖకి 10బీడీ ఫారంలో వేసి, ఆయనకి 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. మర్చిపోయారా, మీ కొట్టు ముందే కూచుంటాడు.

చర్చి సంఘానికి విదేశీ డబ్బేమైనా వస్తుంటే దాన్ని ఇందులోకి తేవద్దు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు ఒక సంఘం ఇంకో సంఘానికి బదిలీ చేయకూడదు.

గుణుపురం అక్క:
డబ్బు సంగతి అన్నయ్యగారు చెప్పేశారు. నేనడిగేది ఒకటే, జాబితా ఎవరు రాస్తారు తమ్ముడూ? మా వైపు ఒక పెద్ద సంఘం ఒడియా ఫారాలు పట్టుకొచ్చింది. ఆధార్ నంబరు ఉంటేనే పేరు రాసుకున్నారు. పోడుకి కొండెక్కినవాళ్లూ, మొగుడు పోయిన ఆడవాళ్లూ జారిపోయారు. జాబితాలో ఆఖరి మాట సవర ఆడవాళ్లదేనని ఒప్పందంలో రాయించు. లేదంటే వాళ్లు మీకు దుబాసీలుగా మిగిలిపోతారు, అదీ జీతం లేకుండా.

పాతపట్నం కుర్రాడు:
బ్యానర్ మీద సవర ఏ లిపిలో రాస్తారు మాస్టారూ? గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లో ఉండే సవర నేర్చుకుని తెలుగు లిపిలో రాశారు. మంగేయ్ గొమాంగో గారు 1936లో సొరాంగ్ సొంపెంగ్ అని వేరే లిపే కట్టారు. తగువు అక్కడే మొదలవుద్ది చూడండి 😀

కిమిడి దర్జీ:
అక్కా, నీ మాట సూదిలా దిగింది. నిన్న సాయంత్రం కొట్లోనే కూచుని ఒప్పందం రాశాం, జాబితా సంగతే మొదటి లైను. మా పెద్దాయనొకరు గునిశారు, "డబ్బు మనది, మాట వాళ్లదా" అని. డబ్బు మనదీ కాదు కదండీ అంటే టీ తాగి వెళ్లిపోయారు, సంతకం మాత్రం పెట్టారు.

లిపి సంగతి అడిగితే చర్చి ఆడవాళ్లు, తాము ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటామనీ, అయినా బ్యానర్ ఎవరు చదువుతారు, దాంతో పిల్లలకి పుస్తకాల సంచులు కుట్టమనీ అన్నారు. ఫ్లెక్సు మిషను మీద సూది విరగ్గొడుతుందమ్మా అన్నాను. అయితే గుడ్డే కొనమన్నారు. దాతగారికి మాత్రం బ్యానర్ ముందు ఫోటో కావాలట, ఆ సంగతి ఇంకా తేలలేదు.