పసుపు పాసివేషన్ తీసేసి ట్రైవలెంట్ పెట్టాక 48 గంటలకే తెల్ల తుప్పు

బ్యారెల్‌జింక్: ఎం8 బోల్టులు, ఆల్కలైన్ జింక్, 8 మైక్రాన్లు. జింక్‌కి తుప్పు పట్టకుండా పైన కట్టే పసుపు పాసివేషన్ పొరలో హెక్సావలెంట్ (వేలెన్సీ ఆరు) క్రోమియం ఉంటుంది. కస్టమర్ అది వద్దన్నాడు కాబట్టి పాత ట్యాంకునే కడిగి ట్రైవలెంట్ (వేలెన్సీ మూడు) క్రోమియం పాసివేషన్ కలిపాం. వేడి చేయట్లేదు, 20 సెకన్లు ముంచుతున్నాం. సాల్ట్ స్ప్రేలో (ఉప్పునీటి తుంపరలో పెట్టి చూసే తుప్పు పరీక్ష) 48 గంటలకే బోల్టు మరల (త్రెడ్ల) మీద తెల్ల తుప్పు, అంటే జింక్ తుప్పు. లోపం ఎక్కడ?

ప్లేటర్_జీడిమెట్ల: పసుపు పాసివేషన్ అలవాట్లతో ఇది నడవదండీ. పసుపు పొరకి గీత పడితే అందులో కరిగే క్రోమేట్ అక్కడికి చేరి మళ్లీ కప్పేస్తుంది. ట్రైవలెంట్‌కి ఆ గుణం లేదు, మొదటే మందంగా కట్టాలి. మందపు పొర రకాలకి మామూలుగా 40–60 డిగ్రీలు, పీహెచ్ 1.8–2.2, 30–60 సెకన్లు. మీ సప్లయర్ షీటులో ఏముందో అదే ఫైనల్. దానికి ముందు 0.5 శాతం లోపు నైట్రిక్‌లో 5–10 సెకన్లు ముంచండి. క్షారం మిగిలితే పాసివేషన్ ట్యాంకు పీహెచ్ ఎక్కిపోతుంది.

డ్రయ్యర్ కూడా చూడండి. పసుపు పొర 60–70 డిగ్రీలు దాటితే పగులుతుంది కాబట్టి తక్కువలో పెట్టి ఉంటారు. ట్రైవలెంట్ పొరని 80 డిగ్రీల్లో 10–15 నిమిషాలు ఆరబెట్టొచ్చు.

ల్యాబ్‌బెంచ్: నాకు ఆ పాత ట్యాంకు మీదే అనుమానం. పీవీసీ లైనింగ్‌లో ఇంకిన హెక్సావలెంట్ నెమ్మదిగా ఊరుతుంది. ఎంత కడిగినా పోదు. లైనింగ్, బ్యారెల్, తర్వాతి కడుగు ట్యాంకులు మార్చేయడమే మేలు. 50 చదరపు సెంటీమీటర్ల ఉపరితలానికి సరిపడా బోల్టులు నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, ఆ నీటిని ఆమ్లం చేసి డైఫినైల్ కార్బజైడ్ (హెక్సావలెంట్‌ని రంగుతో పట్టిచ్చే రసాయనం) వేయండి. గులాబీ రంగు వస్తే ఆ లాట్ పంపకండి.

ట్యాంకు అడుగున పడిపోయిన బోల్టులు షిఫ్టుకోసారి అయస్కాంతంతో తీయాలి. అవి కరిగి ఇనుము పెరిగితే పొర పసుపు తిరుగుతుంది, సాల్ట్ స్ప్రే గంటలు పడిపోతాయి. చూడ్డానికి పాత పసుపులాగే బాగుంటుంది, అదే మోసం!

బ్యారెల్‌జింక్: బోల్టు మరల సంగతి? సీలర్ (పాసివేషన్ మీద వేసే పై పూత) వేస్తే సరిపోతుందా?

ప్లేటర్_జీడిమెట్ల: బ్యారెల్‌లో బోల్టులు ఒకదానికొకటి కొట్టుకుని మరల అంచులే ముందు దెబ్బతింటాయి. సిలికేట్ సీలర్ అక్కడే పనికొస్తుంది. కానీ రాపిడి మారుతుంది, పాత టార్క్‌కి (బోల్టుని తిప్పే బలానికి) బిగింపు బలం వేరుగా వస్తుంది. కస్టమర్‌తో ముందే టార్క్ టెస్ట్ చేయించండి.

ఈటీపీ_ఆపరేటర్: ఒక మాట. ఈ ట్రైవలెంట్ వ్యర్థ నీళ్లకి మెటాబైసల్ఫైట్ (హెక్సావలెంట్‌ని ట్రైవలెంట్‌గా మార్చే మందు) అక్కర్లేదు. కానీ కొన్ని పాసివేషన్ మందుల్లోని సేంద్రియ ఆమ్లాలు క్రోమియాన్ని పట్టుకుని ఉంచుతాయి, సున్నం వేసినా పూర్తిగా దిగదు. కొనేముందే జార్ టెస్ట్ (చిన్న పాత్రల్లో నీటి శుద్ధి చేసి చూసే పరీక్ష) చేయండి. సరుకు యూరప్ వెళ్లేదైతే కోబాల్ట్ లేని పాసివేషన్ రకం అడగండి. కోబాల్ట్ లవణాలు అక్కడి ఆందోళనకర రసాయనాల జాబితాలో ఉన్నాయి.