పర్లాకిమిడి చిన్న రైలు మీద ప్రాజెక్టు: పాత రికార్డులు ఎక్కడ వెతకాలి?

కిమిడి అమ్మాయి:
అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, హిస్టరీ. ప్రాజెక్టుకి నౌపడ–గుణుపురం రైలు లైను తీసుకున్నాను. 2004లో ఆపేసేదాకా మా తాతగారు ఆ నేరో గేజ్ బండిలోనే తిరిగేవారు. నెట్‌లో ఏ సైటు తెరిచినా అవే ముక్కలు: 1900లో పర్లాకిమిడి దాకా, 1931కి గుణుపురం దాకా, 2011లో బ్రాడ్ గేజ్. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నట్టున్నారు. మా మేడమ్ "మూలం ఏది?" అంటున్నారు. దీనికోసం భువనేశ్వర్ వెళ్లాల్సిందేనా? ఇంట్లో అంత దూరం ఒంటరిగా పంపరు.

గుణుపురం కుర్రాడు:
శోధ్‌గంగ చూడండి అక్కా. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సైటు, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితం. గంజాం జమీందారీల మీద, రైల్వేల మీద ఎవరైనా చేసి ఉంటే చివర్లో బిబ్లియోగ్రఫీ, అంటే వాళ్లు చూసిన పుస్తకాల, రికార్డుల జాబితా, వేరే ఫైలుగా ఉంటుంది. ముందు అదే దించుకోండి.

బరంపురం రిటైర్డ్ లైబ్రేరియన్:
అమ్మా, మంచి విషయం పట్టుకున్నావు. భువనేశ్వర్ టిక్కెట్టు ఇప్పుడే తీయకు.

మన సరిహద్దు ఊళ్ల గురించి వెతికేముందు ఒకటి తేల్చుకోవాలి: ఆ సంవత్సరంలో ఆ ఊరు ఎవరి పాలనలో ఉండేది? ఒడిశా విడిగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకుముందు పర్లాకిమిడి, నౌపడ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. గుణుపురం విశాఖపట్నం ఏజెన్సీ. ఆ రోజున పర్లాకిమిడి పట్టణం ఒడిశాకి వచ్చింది, నౌపడ మద్రాసు వైపే ఉండిపోయింది. ఒకే లైను, రెండు రాష్ట్రాలు! "ఒడిశా రైల్వే చరిత్ర" అని కొడితే 1900 నాటి సంగతులు ఎలా దొరుకుతాయి? గంజాం, మద్రాసు అని వెతుకు. ఇంగ్లీషులో ఊరి పేరు అప్పుడు పర్లాకిమెడి అని, ఇప్పుడు పారలఖేముండి అని రాస్తున్నారు. రెండూ కొట్టి చూడు.

మొదట ఇంపీరియల్ గెజిటీర్, అంటే బ్రిటిష్ వారు ఊళ్ల వివరాలు అక్షర క్రమంలో వేసిన సంపుటాలు. షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉచితంగా ఉంది. 1908లో వచ్చిన 20వ సంపుటంలో పర్లాకిమెడి ఉంటుంది. లైను పడిన ఎనిమిదేళ్లకే అచ్చయిన పుస్తకం కాబట్టి మీ మేడమ్ కాదనరు.

తరవాత రైల్వే బోర్డు వేసిన "హిస్టరీ ఆఫ్ ఇండియన్ రైల్వేస్ కన్‌స్ట్రక్టెడ్ అండ్ ఇన్ ప్రోగ్రెస్". ఏ ముక్క ఏ తేదీన తెరిచారో అందులో ఉంటుంది. ఇలాంటి పాత పుస్తకాల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెట్టారు. అక్కడ పుస్తకం పేర్లలో వెతికి ఊరుకోకు. లోపలి పాఠంలో వెతికే ఎంపిక ఒకటి ఉంటుంది, అది నొక్కు. మన ఊరు అట్ట మీద ఉండదు, ఏ మూడొందలో పేజీలోనో ఉంటుంది.

తేదీ చేతికొచ్చాక ఆంధ్రపత్రిక తెరువు. మద్రాసు నుంచి 1914లో దినపత్రిక అయింది. పాత సంచికలు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అవి పేజీల బొమ్మలు, మాట కొడితే దొరకవు. తేదీ తెలిస్తేనే పని. 1931 ప్రాంతంలో గుణుపురం లైను గురించి వార్త పడి ఉంటే అందులో చూడొచ్చు. ఇంగ్లీషు పుస్తకాలు నీ క్లాసులో అందరూ తెస్తారమ్మా. నువ్వు తెలుగు పత్రిక చదవగలవు, ఆ బలం వదులుకోకు.

సిరోంచా టీచరు:
మా గడ్చిరోలి వైపు కూడా ఇదే తంతు. జిల్లా ఏర్పడిందే 1982లో. అంతకుముందు చంద్రపూర్, ఇంకా వెనక్కి పోతే సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా. పిల్లలు గడ్చిరోలి అని కొట్టి ఏమీ లేదంటారు. ఇంకో మాట, మీది సర్కారు కాలేజీ అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం గురించి లైబ్రరీలో అడగండి. 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది, 13,000 దాకా జర్నళ్లు. బయట డబ్బు కట్టమనే వ్యాసాలు అక్కడ ఊరికే వస్తాయి.

కిమిడి అమ్మాయి:
చాలా థాంక్సండీ అందరికీ. మాష్టారూ, నేషనల్ డిజిటల్ లైబ్రరీలో కొన్ని నొక్కితే పుస్తకం వివరాలే వస్తున్నాయి, పుస్తకం రావడం లేదు. అలాంటప్పుడు?

బరంపురం రిటైర్డ్ లైబ్రేరియన్:
ఆ డిజిటల్ లైబ్రరీని ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతోంది. చాలావాటికి పుస్తకం వేరే చోట ఉంటుంది, అది దారి మాత్రమే చూపిస్తుంది. ఆ వివరాలు రాసుకుని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతుకు. అక్కడా లేకపోతే చెన్నై కన్నెమరా లైబ్రరీకి ఉత్తరమో మెయిలో రాయి. "రైలు గురించి ఏముంది?" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. పుస్తకం పేరు, సంవత్సరం, ఏ ఊరి కోసం చూస్తున్నావో రాసి, ఒక్కటే అడుగు. అలా అడిగిన పిల్లల కోసం నేను అరలన్నీ గాలించేవాణ్ని.

దించుకున్న ప్రతి పేజీతో పాటు ఆ పుస్తకం టైటిల్ పేజీ కూడా దాచుకో. ఎవరు వేశారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అన్నది అక్కడే ఉంటుంది. ఫుట్‌నోట్‌కి కావలసింది అదే.