పొరుగింటి అవ్వకు అన్నం పెడుతున్నాం, ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా పెట్టాలి?

ప్రశ్న (కావలి దగ్గరి పల్లె నుంచి ఒక గృహిణి)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా గోడ పక్క ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వ ఒక్కతే ఉంటోంది. కొడుకు చెన్నైలో కూలిపని చేస్తున్నాడు. వానాకాలంలో కాలు జారి పడినప్పటి నుంచి ఆమె పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. నెలనెలా వచ్చే 4,000 రూపాయల పింఛను చాలావరకు మందులకే పోతోంది. ఆమె మన సంఘానికి చెందినది కాదు. ఇంట్లో దీపం పెట్టుకుంటుంది, శనివారం ఒక్కపొద్దు ఉంటుంది.

రెండు నెలలుగా మధ్యాహ్నం పూట స్టీలు గిన్నెలో అన్నం, పప్పు పంపుతున్నాను. మొదట్లో సంతోషంగా తీసుకునేది. ఒకరోజు కడిగిన గిన్నెలో గుప్పెడు చింతపండు వేసి పంపితే, లేని మనిషి దగ్గర తీసుకోవడం ఏమిటనుకుని వెంటనే తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ఎప్పుడు వెళ్లినా "తిన్నానమ్మా" అంటోంది, కానీ ఆ పొయ్యి వెలగలేదని నాకు తెలుస్తూనే ఉంది. దీనికి తోడు, అన్నం ఆశ చూపి మతంలో కలుపుకుంటారని వీధిలో ఎవరో ఆమెతో అన్నారట. మా సంఘంలో ఒక పెద్దావిడేమో సువార్త చెప్పకుండా ఉత్త అన్నం పెడితే ప్రయోజనం ఏమిటని అడిగారు. ఈ రెండు మాటల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. పెద్దలు సలహా చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, వందనాలు. ఆ పెద్దావిడ అడిగిన దానికి మన ప్రాంతంలోనే జవాబు ఉంది. 1876-78 కరువులో జనం ఆకలితో అల్లాడుతున్నప్పుడు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగొన్న వారిని పనిలో పెట్టి కూలి ఇప్పించారు. కాలువ గట్టున పనిచేసిన వారిలో బాప్తిస్మం కావాలని వచ్చినవారు ఎందరో ఉన్నారు. అయినా అన్నం కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఎవరి మనసు ఏమిటో కరువు తీరాక గాని తేలదని, ఆయన కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఎన్ని నెలలు ఓపిక పట్టారో మాత్రం చెప్పుకోం. నాకు ఆ ఓపికే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. యేసు ప్రభువు చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు దారిలో గాయపడిన మనిషికి నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారములు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. నీ దేవుడెవరని ఆ మనిషిని అడిగినట్టు లూకా సువార్త 10వ అధ్యాయంలో ఎక్కడా లేదు. మీరు ఉత్త అన్నం పెట్టడం లేదమ్మా.

జవాబు 2 (నెల్లూరు నుంచి ఒక సోదరి)

అక్కా, మీ మనసు మంచిదే. కానీ ఆ చింతపండు తిరిగి ఇవ్వడం దగ్గరే పొరపాటు జరిగిందని నాకు అనిపిస్తోంది. మన ఇళ్లలో ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా పంపరు, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేస్తారు. ఆమె తన మర్యాద నిలుపుకోవడానికి గుప్పెడు చింతపండు వేసింది. మీరు దాన్ని తిరిగి ఇచ్చేసరికి, అప్పటిదాకా పొరుగింటి ఆవిడగా తిన్న అన్నం ఆ రోజు నుంచి బిచ్చం అయిపోయింది.

యేసు ప్రభువు సమరయ స్త్రీతో జీవజలం సంగతి చెప్పకముందు, దాహానికి నీళ్లు ఇమ్మని ఆమెనే అడిగాడు. మీరూ ముందు ఏదైనా అడగండి. పెరుగు తోడుకు వెళ్లండి, చేబదులుగా నాలుగు ఎండుమిరపకాయలు అడగండి, ఊరగాయలో ఉప్పు ఎంత పడుతుందో కనుక్కోండి. ఇంకొక చిన్న విషయం, నీచు వండిన గిన్నెలో ఆమెకు అన్నం పంపకండి. ఆమె కోసం ఒక గిన్నె విడిగా ఉంచండి, శనివారం రాత్రి అన్నం బదులు పండ్లో ఉప్మానో పంపండి. మీరెందుకు ఇంత చేస్తున్నారని ఆమె తనంతట తాను అడిగిన రోజున మీ విశ్వాసం గురించి దాచకుండా చెప్పండి. అడగకపోయినా గిన్నె ఆపకండి.

జవాబు 3 (కోవూరు నుంచి ఒక రైతు)

సోదరి చెప్పిన మాట సరైనది. కోత అయ్యాక మడిలో పరిగె ఏరుకునే వారిని ఈ ఊళ్లలో చూస్తూనే పెరిగాం. పొలం అంచులదాకా కోయవద్దని, రాలిన వెన్నులు బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని లేవీయకాండంలో ఆజ్ఞ ఉంది. బైబిల్లో పొలం యజమాని బోయజు ఇంకొక అడుగు ముందుకు వేసి, పరిగె ఏరుకోవడానికి వచ్చిన విధవరాలు రూతు కోసం పనలలో నుంచి కావాలనే కొన్ని వెన్నులు లాగి పడేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్లతో చెప్పాడు. ఆమె తన చేతులతో ఏరుకుని, తన కష్టంగా అత్త దగ్గరకు తీసుకెళ్లింది. నాకు ఆ వచనం చదివినప్పుడల్లా కళ్లు తడుస్తాయి.

ప్రశ్న అడిగిన సోదరి మళ్లీ రాసినది

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం చిన్న గిన్నె పట్టుకుని వెళ్లి, అవ్వా, మా పెరుగు విరిగిపోయింది, కాస్త తోడు ఇస్తావా అని అడిగాను. గోడ పట్టుకుని మెల్లగా లేచి, ఉట్టి మీది ముంత దించి, చెంచాడు పెరుగు వేసింది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తున్నావా అని అడిగి, వేలు ముంచితే ఓర్చుకునేంత వేడి ఉండాలని చాలాసేపు చెప్పింది. ఆ చింతపండు ఇంకా ఉందా అవ్వా, చారుకు కావాలి అన్నాను. మాట్లాడకుండా లోపలికి వెళ్లి తెచ్చి నా కొంగులో పోసింది.

ఈరోజు మధ్యాహ్నం ఆ చింతపండుతోనే చారు కాచి, కొత్త గిన్నెలో అన్నంతో పాటు పంపాను. పులుపు ఎక్కువైందని కబురు వచ్చింది. గిన్నె ఇంకా తిరిగి రాలేదు.