క్వాంటం కంప్యూటింగ్‌లో రీసెర్చ్ సైంటిస్ట్ పని ఎట్లా ఉంటుంది?

చంద్రగిరి_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమరావతి క్వాంటం వ్యాలీ వార్తలు మొదలైనప్పటి నుంచి ఇంట్లో అందరూ నన్ను అటే పొమ్మంటున్నారు. నాకూ ఆ కోరిక గట్టిగానే ఉంది. కానీ పొద్దున ల్యాబ్‌కి పోతే సాయంత్రం దాకా ఏం చేస్తారు? ఆ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

పుత్తూరు_అక్క:
తమ్ముడూ, నేను బెంగళూరులో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల మీద పని చేస్తున్నాను. మామూలు కంప్యూటర్‌కి బిట్ ఎట్లాగో, క్వాంటం కంప్యూటర్‌కి క్యూబిట్ అట్లా. రోజులో ఎక్కువ భాగం కాలిబ్రేషన్‌కే, అంటే చిప్ సెట్టింగులు సరిచేసుకోవడానికే పోతుంది. నిన్న సరిగ్గా ఉన్న క్యూబిట్ ఫ్రీక్వెన్సీ ఇవాళ కాస్త జరిగి ఉంటుంది. క్యూబిట్‌ని నడిపే మైక్రోవేవ్ పల్స్‌లు మళ్లీ సరిచూసుకోవాలి, టీ1, టీ2 (క్యూబిట్ తన స్థితిని ఎంతసేపు నిలుపుకుంటుందో చెప్పే సమయాలు) కొలవాలి. అంతా పైథాన్‌లోనే.

చిప్‌ని డైల్యూషన్ ఫ్రిజ్ అనే అతిశీతల యంత్రంలో పెట్టి 10–20 మిల్లీకెల్విన్‌కి, అంటే దాదాపు పరమ శూన్య ఉష్ణోగ్రతకి దించుతాం. ఎందుకంత చలి అంటే, 5 గిగాహెర్ట్జ్ క్యూబిట్‌లో రెండు స్థాయిల మధ్య శక్తి తేడా సుమారు 0.24 కెల్విన్‌కి సమానం. దానికి బాగా దిగువన లేకపోతే ఆ వేడికే క్యూబిట్ పై స్థాయికి ఎక్కేస్తుంది. గదిలోని నాయిస్ కేబుళ్ల గుండా చిప్ దాకా రాకుండా మధ్యలో సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్లు పెడతాం. చల్లబడటానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పుడు ఒక కనెక్టర్ వదులుగా ఉందని తెలిస్తే మళ్లీ వేడెక్కించి తెరవాల్సిందే. ఓపిక ఉన్నవాళ్లకి ఇంతకన్నా తృప్తినిచ్చే పని లేదు. మా కొత్త చిప్‌లో రాబీ ఆసిలేషన్లు (పల్స్ ఇస్తే క్యూబిట్ రెండు స్థాయిల మధ్య ఊగడం) మొదటిసారి కనిపించిన రోజు ఎవ్వరం భోజనానికి లేవలేదు.

పలమనేరు_థియరీ:
నాది ఎర్రర్ కరెక్షన్, అంటే ఒక క్యూబిట్ సమాచారాన్ని చాలా క్యూబిట్లలో పంచి తప్పులు దిద్దడం. అట్లా పంచే పద్ధతినే కోడ్ అంటాం. ఫ్రిజ్‌తో పని లేదు. బోర్డు, సిమ్యులేషన్, పేపర్లు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కొట్టినపిండి కావాలి. ఒక్కో క్యూబిట్ తప్పులు ఒక హద్దుకి లోపల ఉంటే, కోడ్ సైజు పెంచేకొద్దీ మొత్తం తప్పులు తగ్గుతాయని 1990ల నుంచి థియరీ చెప్తూనే ఉంది. 2024లో గూగుల్ విల్లో చిప్ మీద అది చేసి చూపించారు. ఆ పేపర్ మీద మా గ్రూపులో వారమంతా వాదనలే.

గాదంకి_ఈసీఈ:
ఫిజిక్స్ వాళ్లకే ఈ దారి అనుకోవద్దు. నేను ఎలక్ట్రానిక్స్. గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ డేటా మీద ప్రాజెక్టు చేశాను. నాయిస్‌లో మునిగిపోయిన సన్నటి సిగ్నల్‌ని పైకి తీయడం అక్కడే వంటబట్టింది. ఇప్పుడు క్యూబిట్ రీడౌట్‌లో (క్యూబిట్ ఏ స్థితిలో ఉందో చదవడంలో) ఫ్రీక్వెన్సీ మారింది గానీ చేసేది అదే. ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు ప్రోగ్రామ్ చేసుకునే చిప్) పని వచ్చినవాళ్ల కోసం ల్యాబులు వెతుకుతున్నాయి.

చంద్రగిరి_కుర్రోడు:
అక్కా, పీహెచ్‌డీలో డబ్బులు ఎట్లా? నాన్న అదే అడుగుతున్నారు.

పుత్తూరు_అక్క:
నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. హెచ్‌ఆర్‌ఏ వేరే. ఐదారేళ్లు పడుతుంది, ఆపైన చాలామంది పోస్ట్‌డాక్ కూడా చేస్తారు. ఇది నాన్నకి ఇప్పుడే చెప్పు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ క్వాంటం మిషన్‌కి 2023లో 6,003.65 కోట్లు ఆమోదించారు, 2030–31 దాకా నడుస్తుంది. దాని కంప్యూటింగ్ హబ్ మా బెంగళూరు ఐఐఎస్సీలోనే ఉంది.

మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులకి మాత్రం డబ్బు కట్టొద్దు. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు, క్వాంటం ప్రోగ్రామింగ్ నేర్చుకునే కిస్కిట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతాయి. ఏర్పేడులో ఐఐటీ, ఐజర్ రెండూ పక్కనే ఉన్నాయి కదా, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం అక్కడి ప్రొఫెసర్లకి ఈ వారమే మెయిల్ పెట్టు. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో ఏది నచ్చిందో రెండు ముక్కలు రాయి.